ఆయిల్ సాండ్స్ టైలింగ్స్ బురద ఎలా పారుతుంది, ఎందుకు పారనంటుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కెనడాలోని అల్బర్టా రాష్ట్రంలో, ఫోర్ట్ మెక్‌మర్రీ పట్టణానికి ఉత్తరాన, అథబాస్కా నదికి ఇరువైపులా తారు కలిసిన ఇసుక గనులున్నాయి. ఆ ఇసుక నుంచి తారును కడిగి తీశాక మిగిలేది నీరు, ఇసుక, బంకమట్టి, కొద్దిపాటి తారు కలిసిన బురద. దీన్నే టైలింగ్స్ అంటారు. మన ప్రాంతం నుంచి అక్కడికి వెళ్లి చదువుతున్న సివిల్, కెమికల్, మైనింగ్ విద్యార్థులు ఈ బురద ప్రవాహ గుణాల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇవి. స్ట్రెస్, షియర్, పాలిమర్ వంటి మాటలను వాడుకలో ఉన్నట్టే ఉంచాను.

ఈ బురద అసలు ఎలా పుడుతుంది?

గనిలో తవ్విన ఇసుకలో బరువు ప్రకారం సుమారు 10 నుంచి 12 శాతం తారు, అంటే బిట్యుమెన్, ఉంటుంది. నీరు కొద్ది శాతమే, మిగిలినదంతా ఖనిజ పదార్థం. వేడినీటితో, కొద్దిగా కాస్టిక్ సోడా కలిపి కడిగితే ఇసుకరేణువుల నుంచి తారు విడివడి, గాలి బుడగలను పట్టుకుని పైకి తేలుతుంది. ఈ పద్ధతిని 1920 దశకంలో కార్ల్ క్లార్క్ అల్బర్టాలో అభివృద్ధి చేశాడు. 1967లో గ్రేట్ కెనడియన్ ఆయిల్ సాండ్స్ దీన్ని భారీ పరిశ్రమగా నిలబెట్టింది. ఇవాళ వాడే నీటి వేడి అప్పటికంటే తక్కువే అయినా మూలసూత్రం మారలేదు.

తారు పోయాక మిగిలినదాన్ని గొట్టాల ద్వారా చెరువులకు పంపుతారు. ముతక ఇసుక గొట్టం మూతి దగ్గరే దిగి గట్లుగా, మేటలుగా ఏర్పడుతుంది. 44 మైక్రాన్ల కంటే సన్నని రేణువుల్లో పెద్ద భాగం మాత్రం నీటితోపాటు కొట్టుకుపోయి చెరువు మధ్యకు చేరుతుంది. మొదట అది పలచని మట్టినీళ్లలా ఉంటుంది. రెండు మూడేళ్లలో బరువు ప్రకారం 30 శాతం ఘనపదార్థం ఉన్న చిక్కటి బురదగా మారి, అక్కడితో ఆగిపోతుంది. దీన్నే మెచ్యూర్ ఫైన్ టైలింగ్స్, పొట్టిగా ఎమ్‌ఎఫ్‌టీ, అంటారు. పేరులో పరిపక్వత ఉంది గానీ, దశాబ్దాలు గడిచినా అది నేల కాదు. అల్బర్టాలో పేరుకున్న ద్రవరూప టైలింగ్స్ 100 కోట్ల ఘనపు మీటర్లు దాటాయి. మన జలాశయాల లెక్కలో చెప్పాలంటే అది 35 టీఎంసీల పైమాట.

30 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోతుంది? బురద నీళ్లు కొన్నాళ్లకు తేరుకోవాలి కదా?

ఒక మైక్రాన్ వ్యాసమున్న మట్టిరేణువు విడిగా మంచినీటిలో పడితే, స్టోక్స్ సూత్రం ప్రకారం రోజుకు ఏడెనిమిది సెంటీమీటర్లు దిగుతుంది. ఆ లెక్కన 10 మీటర్ల లోతు చేరడానికి నాలుగైదు నెలలు చాలు. కాబట్టి రేణువు సన్నగా ఉండటం ఒక్కటే కారణం కాదు.

అసలు కారణం ఆ రేణువుల ఆకారంలోనూ, ఉపరితలంపై ఉండే విద్యుదావేశంలోనూ ఉంది. ఈ బంకమట్టిలో ప్రధానంగా ఉండేవి కేయోలినైట్, ఇల్లైట్ ఖనిజాలు. ఇవి బంతుల్లా కాక పలచని పలకల్లా ఉంటాయి. కాస్టిక్ సోడా వల్లనూ, తారులోంచి నీటిలోకి దిగే నాఫ్తెనిక్ ఆమ్లాల వల్లనూ ఈ పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా చెదిరిపోతాయి. తారు ఇసుక నుంచి విడిపోవడానికి ఈ చెదరడమే సాయపడుతుంది, తరువాత బురద తేరకపోవడానికీ ఇదే కారణమవుతుంది. మెల్లగా దిగుతున్న పలకలు దగ్గరయ్యే కొద్దీ అంచులతో, ముఖాలతో అక్కడక్కడా ఆనుకుని, మధ్యలో నీటిని బంధించిన పేకమేడ లాంటి నిర్మాణాన్ని కడతాయి. అది ఒకసారి ఏర్పడ్డాక రేణువులు విడిగా దిగలేవు, నిర్మాణమంతా కలిసి కుంగాలి. లోపలి నీరు బయటికి రావడానికి ఉన్న దారులు మరీ ఇరుకు కాబట్టి ఆ కుంగుబాటు ఏళ్ల తరబడి సాగుతుంది.

వరి మడిలో దమ్ము చేసినవారికి ఇది కొత్త విషయం కాదు. దమ్ములో మట్టిపెళ్లలు చెదిరి పలకలు విడిపోతాయి కాబట్టే నీరు కిందికి ఇంకదు. రైతు కోరి తెచ్చుకునే ఆ గుణమే ఇక్కడ పరిశ్రమకు కోరని బరువైంది.

దాని స్నిగ్ధత, అంటే పారడానికి ద్రవం చూపే అడ్డు, ఎంత? ఒక సంఖ్య చెప్పగలరా?

అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. దీనికి ఒక సంఖ్యతో జవాబిస్తే తప్పుదారి పట్టించినట్టే. నీటికి 20 డిగ్రీల దగ్గర స్నిగ్ధత సుమారు 1 మిల్లీపాస్కల్ సెకన్. మెల్లగా కలిపినా, గట్టిగా చిలికినా అది అంతే. టైలింగ్స్ బురద అలా ఉండదు. మెల్లగా కదిపితే చాలా చిక్కగా, వేగంగా కదిపితే పలచగా కనిపిస్తుంది. అదే వేగంతో పది నిమిషాలు కదిపితే మొదటి నిమిషం కంటే పదో నిమిషంలో పలచగా ఉంటుంది. కదపడం ఆపి మరుసటి రోజు చూస్తే తిరిగి చిక్కబడుతుంది.

అందువల్ల ఏ వేగంతో కదిపారు, ఎంతసేపు కదిపారు, అంతకుముందు ఎంతసేపు నిలవ ఉంది అనే మూడు సంగతులూ తెలియకుండా ఈ బురదకు స్నిగ్ధత విలువ చెప్పడం కుదరదు. మట్టి రకం, నీటి గుణం, ఘనపదార్థ శాతం ఎలాగూ చెప్పాలి. కానీ అవన్నీ ఒకటే అయిన రెండు గిన్నెల బురద కూడా వాటి గతాన్ని బట్టి వేరుగా ప్రవర్తిస్తుంది. ఈ పేజీలోని మిగతా జవాబులన్నీ తిరిగి తిరిగి ఈ విషయానికే వస్తాయి.

యీల్డ్ స్ట్రెస్ అంటే ఏమిటి?

బురద కదలడం మొదలుపెట్టడానికి దానిమీద పడవలసిన కనీస షియర్ స్ట్రెస్‌ను, అంటే ఒక పొరను మరో పొరమీద జరిపే ఒత్తిడిని, యీల్డ్ స్ట్రెస్ అంటారు. దోసె పిండిని గరిటెతో తీసి వంచితే ధారగా జారుతుంది, కానీ గరిటె అంచున కొంత పిండి జారకుండా నిలిచిపోతుంది. తన బరువు వల్ల కలిగే స్ట్రెస్ యీల్డ్ స్ట్రెస్‌ను దాటని భాగం అక్కడే ఆగిపోతుందన్న మాట. ఎమ్‌ఎఫ్‌టీ విషయంలో ఈ విలువ కొద్ది పాస్కల్‌ల నుంచి కొన్ని పదుల పాస్కల్‌ల వరకు ఉండవచ్చు.

ఇందులో రెండు విలువలుంటాయి. నిశ్చలంగా ఉన్న బురదను మొదటిసారి కదపడానికి కావలసినది స్థిర యీల్డ్ స్ట్రెస్. కదులుతున్న బురద ఆగిపోయే దగ్గర ఉండేది గతిక యీల్డ్ స్ట్రెస్. మొదటిది ఎప్పుడూ ఎక్కువ, కొన్నిసార్లు చాలా రెట్లు ఎక్కువ. పంపును మళ్లీ నడపడానికి మొదటి విలువ కావాలి, నడుస్తున్న పంపు ఖర్చు లెక్కగట్టడానికి రెండోది కావాలి. ఏది కొలిచారో చెప్పకుండా యీల్డ్ స్ట్రెస్ అని మాత్రమే రాసిన నివేదికలు తరచూ కనిపిస్తాయి. వాటిని నమ్మి గొట్టాల కొలతలు నిర్ణయించకూడదు.

నిలవ ఉంటే గట్టిపడటాన్ని ఏమంటారు? అది తడి ఆరడం కాదా?

కాదు. నీటిశాతం ఏమాత్రం మారకుండానే, మూత బిగించిన డబ్బాలో కూడా, ఈ బురద గంటలు, రోజులు, వారాలు గడిచే కొద్దీ గట్టిపడుతుంది. కలిపితే మళ్లీ పలచబడుతుంది. ఈ గుణాన్ని థిక్సోట్రోపీ అంటారు. విరిగిన పేకమేడ తిరిగి కట్టుకోవడానికి పట్టే సమయమే ఇక్కడ కనిపిస్తుంది. తోడుకున్న పెరుగుతో దీన్ని పోల్చడం మామూలే, కానీ ఆ పోలిక సగమే సరిపోతుంది. పెరుగును ఒకసారి చిలికితే మళ్లీ గడ్డకట్టదు. బంకమట్టి ఎన్నిసార్లు చిలికినా మళ్లీ మళ్లీ గడ్డకడుతుంది.

దీని ప్రభావం చిన్నదేమీ కాదు. అల్బర్టా విశ్వవిద్యాలయంలో 10 మీటర్ల ఎత్తున్న నిలువు గొట్టంలో ఎమ్‌ఎఫ్‌టీని నింపి 1982లో మొదలుపెట్టిన ప్రయోగాన్ని పాతికేళ్లకు పైగా గమనించారు. అంతకాలంలో బురద మట్టం మీటర్ల లెక్కన కుంగి పైన నీరు తేరుకుంది. అయినా రేణువు మీద రేణువు ఆనుకుని బరువు మోసే స్థితి, ఇంజినీర్లు ఎఫెక్టివ్ స్ట్రెస్ అనేది, దాదాపు ఏర్పడలేదు. మామూలు మట్టి తన మీద పడిన బరువు వల్ల బలం పుంజుకుంటుంది. ఈ బురదలో కనిపించే బలంలో చాలా భాగం నిలవ ఉండటం వల్ల వచ్చినదే. కదిపితే అది పోతుంది.

ప్రయోగశాలలో దీన్ని ఎలా కొలుస్తారు?

ఎక్కువగా వాడేది వేన్ పద్ధతి. సన్నని కడ్డీ చివర నాలుగు రేకులు ప్లస్ గుర్తులా అమర్చిన చిన్న పనిముట్టు అది. 1980 దశకం మొదట్లో ఆస్ట్రేలియాలో న్గుయెన్, బోగర్ అనే ఇద్దరు పరిశోధకులు, అల్యూమినా కర్మాగారాల నుంచి వచ్చే ఎర్రబురద కోసం దీన్ని స్ట్రెస్ కొలిచే సాధనంగా స్థిరపరచారు. అంతకుముందు భూసాంకేతిక ఇంజినీర్లు ఇదే రూపాన్ని మెత్తని నేలల్లో వాడుతుండేవారు.

రేకులను బురదలోకి నిలువుగా, మెల్లగా, చుట్టూ ఉన్నది చెదరకుండా దించాలి. తరువాత అతి నెమ్మదిగా తిప్పాలి. ఆ తిప్పుడుకు బురద చూపే అడ్డును పరికరం తెరమీద గీతగా గీస్తుంది. ఆ గీత మొదట నిటారుగా పైకి పోతుంది. అప్పుడు బురద ఇంకా తెగలేదు, కొంచెం మెలితిరిగి పట్టుకుని ఉంది. ఒకచోట గీత శిఖరాన్ని తాకి, వంగి, కిందికి జారి, తక్కువ ఎత్తులో అడ్డంగా సాగుతుంది. ఆ శిఖరం దగ్గర, రేకుల చుట్టూ స్తంభం ఆకారంలో బురద ఒక్కసారిగా తెగిపోయిందని అర్థం. 2 సెంటీమీటర్ల వ్యాసం, 4 సెంటీమీటర్ల ఎత్తున్న వేన్‌తో 20 పాస్కల్‌ల బురదను కొలిస్తే, శిఖరం దగ్గర టార్క్, అంటే తిప్పే బలం, సుమారు 0.6 మిల్లీన్యూటన్ మీటర్లు మాత్రమే ఉంటుంది. అంత చిన్న విలువ కాబట్టి బల్లమీద మోచెయ్యి ఆనించినా గీత వణుకుతుంది.

నున్నటి గోడల మధ్య బురదను తిప్పే పరికరాల్లో మరో ఇబ్బంది ఉంది. గోడకు ఆనుకున్నచోట పలచని నీటిపొర ఏర్పడి బురద దానిమీద జారిపోతుంది. అప్పుడు కొలిచేది బురద గుణం కాదు, ఆ నీటిపొర జారుడు మాత్రమే. వేన్‌లో తెగుడు బురద లోపలే జరుగుతుంది కాబట్టి ఈ దోషం చాలావరకు తప్పుతుంది.

నా మొదటి రోజుల్లో ఒకే బకెట్ నుంచి ఉదయం తీసిన నమూనాకూ మధ్యాహ్నం తీసిన నమూనాకూ మధ్య దాదాపు మూడు రెట్ల తేడా వచ్చింది. పరికరం చెడిందనుకుని సాయంత్రం దాకా దాన్ని సరిచూస్తూ కూర్చున్నాను. భోజనానికి వెళ్లినప్పుడు తోటి ఉద్యోగి ఒకరు మంచి మనసుతోనే ఆ బకెట్‌ను కర్రతో బాగా కలిపి పెట్టారని తరువాత తెలిసింది. అప్పటినుంచి నమూనా మూతమీద తేదీతోపాటు చివరిసారి కలిపిన సమయం కూడా రాయడం అలవాటు చేసుకున్నాను.

బింగ్‌హామ్, హెర్షెల్ బల్క్‌లీ, కాసన్ నమూనాల్లో ఏది సరైనది?

మూడూ స్ట్రెస్‌ను షియర్ వేగంతో పోల్చి గీసిన గీతకు సరిపెట్టే సూత్రాలే. యీల్డ్ స్ట్రెస్ దాటాక స్ట్రెస్, షియర్ వేగానికి సమానుపాతంలో పెరుగుతుందనేది బింగ్‌హామ్ నమూనా. ఆ పెరుగుదల వంపు తిరిగి ఉంటుందనేవి హెర్షెల్ బల్క్‌లీ, కాసన్. గొట్టాల్లో ఉండే వేగాల పరిధిలో ఎమ్‌ఎఫ్‌టీకి బింగ్‌హామ్ చాలా సందర్భాల్లో చాలు. అతి తక్కువ వేగాల దగ్గర అది గతిక యీల్డ్ స్ట్రెస్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతుంది. ఈ మూడింటిలో దేనిలోనూ కాలం అనే అంశం లేదని గుర్తుంచుకుంటే, ఏది మేలన్న వాదనకు ఉన్న ప్రాముఖ్యం సగం తగ్గుతుంది.

ఘనపదార్థ శాతం కొద్దిగా పెరిగితే ప్రవాహం ఎంత మారుతుంది?

అనుకున్నదానికంటే చాలా ఎక్కువగా మారుతుంది. 30 శాతం బరువంటే, రేణువులు నీటికంటే సుమారు 2.6 రెట్లు బరువైనవి కాబట్టి, ఘనపరిమాణంలో 14 శాతమే. అంటే డబ్బాలో 86 పాళ్లు నీరే ఉన్నా అది నీళ్లలా పారదు. ఇక్కడి నుంచి యీల్డ్ స్ట్రెస్ సరళరేఖలో కాక ఘాతాంక ధోరణిలో పెరుగుతుంది. 30 నుంచి 35కు వెళ్లేటప్పటి పెరుగుదల కంటే 40 నుంచి 45కు వెళ్లేటప్పటి పెరుగుదల అనేక రెట్లు ఉంటుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి 55 శాతం దాకా తెచ్చిన ముద్దను మామూలు పంపుతో పంపలేరు. కన్వేయర్ బెల్టుల మీదా లారీల్లోనూ తరలిస్తారు, లేదా సిమెంటు కాంక్రీటును నెట్టే తరహా పిస్టన్ పంపులు వాడాలి.

మొత్తం ఘనపదార్థం కంటే అందులో బంకమట్టి ఎంత, అది ఎంత చురుకైనది అన్నదే ముఖ్యం. 30 శాతంలో సన్న ఇసుక ఎక్కువగా ఉన్న బురద, 30 శాతంలో బంకమట్టి ఎక్కువగా ఉన్న బురద పేరుకు ఒకటే, నడతకు కావు. నీటిని పీల్చి ఉబ్బే స్మెక్టైట్ పాలు కొద్దిగా ఉన్నా తేడా తెలుస్తుంది. మన నల్లరేగడిలో ఉండేది ఆ ఖనిజమే.

నీటిలోని లవణాలకు ప్రవాహంతో ఏమి సంబంధం?

దగ్గరి సంబంధమే ఉంది. చౌడు నేలల్లో జిప్సం ఎందుకు వేస్తారో తెలిసినవారికి సగం జవాబు తెలిసినట్టే. సోడియం ఎక్కువైన నేలలో మట్టిపలకలు విడివడి, నీరు ఇంకక, ఎండితే రాయిలా అవుతుంది. జిప్సంలోని కాల్షియం సోడియం స్థానాన్ని తీసుకుని, పలకల మధ్య వికర్షణను తగ్గించి, వాటిని గుత్తులుగా దగ్గరచేరుస్తుంది. టైలింగ్స్ బురద, ఒక రకంగా, నీళ్లలో నానబెట్టిన చౌడు నేల.

అల్బర్టాలో ఇదే రసాయనాన్ని మరో పనికి కూడా వాడారు. ముతక ఇసుకనూ ఎమ్‌ఎఫ్‌టీనీ, ఇసుక నాలుగు పాళ్లు, సన్నరేణువులు ఒక పాలు అన్న దామాషాకు దగ్గరగా కలిపి జిప్సం చేరిస్తే, కాల్షియం వల్ల పెరిగిన యీల్డ్ స్ట్రెస్ ఇసుకను విడిపోనివ్వకుండా పట్టుకుంటుంది. ఇసుక తన బరువుతో మిశ్రమాన్ని నొక్కి నీటిని పైకి పంపుతుంది. దీన్ని కన్సాలిడేటెడ్ టైలింగ్స్ అంటారు. సూత్రంలో తప్పులేదు. చిక్కంతా అమలులో ఉంది. దామాషా కాస్త తప్పినా, గొట్టం మూతి దగ్గర మిశ్రమం ఎత్తునుంచి పడి చిలికినట్టయినా ఇసుక ఒకచోట, బురద ఒకచోట విడిపోతాయి. అలా విడిపోయిన బురద మళ్లీ మొదటికే వస్తుంది. పైగా తిరిగివచ్చే నీటిలో కాల్షియం పెరిగితే ఆ నీటితో తారు కడగడం కష్టమవుతుంది.

గొట్టంలో పంపడం ఎప్పుడు కష్టమవుతుంది?

నడుస్తున్నప్పటి కంటే, ఆగి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు. ఒక ఉదాహరణ చూద్దాం. గొట్టం వ్యాసం అర మీటరు, బురద యీల్డ్ స్ట్రెస్ 20 పాస్కల్‌లు అనుకుందాం. కదలిక మొదలుకావడానికి కావలసిన పీడనం, మీటరు పొడవుకు యీల్డ్ స్ట్రెస్‌ను నాలుగుతో హెచ్చించి వ్యాసంతో భాగిస్తే వస్తుంది. అంటే మీటరుకు 160 పాస్కల్‌లు, కిలోమీటరుకు 1.6 బార్ (ఒక బార్ అంటే లక్ష పాస్కల్‌లు). ఇది పెద్ద ఇబ్బంది కాదు. అదే బురద గొట్టంలో చాలా రోజులు కదలకుండా ఉండి, థిక్సోట్రోపీ వల్ల 100 పాస్కల్‌లకు చేరిందనుకుంటే కిలోమీటరుకు 8 బార్ కావాలి. ఐదు కిలోమీటర్ల గొట్టమైతే 40 బార్. నడుస్తున్న విలువలతో ఎంపిక చేసిన పంపు దాన్ని కదపలేదు. అందుకే ఎక్కువకాలం ఆపవలసి వస్తే గొట్టాన్ని నీటితో కడిగి ఖాళీ చేస్తారు.

నడుస్తున్న గొట్టంలో ప్రవాహం నిమ్మళంగా పొరలు పొరలుగా సాగుతోందా, సుడులు తిరుగుతూ సాగుతోందా అన్నది మరో ముఖ్యవిషయం. యీల్డ్ స్ట్రెస్ ఎక్కువ ఉన్న బురద సుడుల ప్రవాహంలోకి మారే వేగం, యీల్డ్ స్ట్రెస్‌ను సాంద్రతతో భాగించి వర్గమూలం తీసి, దాదాపు 25తో హెచ్చిస్తే వచ్చే విలువకు దగ్గరగా ఉంటుంది. ఘనపు మీటరుకు 1,230 కిలోల సాంద్రత, 20 పాస్కల్‌ల యీల్డ్ స్ట్రెస్ ఉంటే అది సెకనుకు సుమారు 3.2 మీటర్లు. 5 పాస్కల్‌లైతే 1.6 మీటర్లు చాలు. గొట్టం వ్యాసం ఈ లెక్కలో లేదని గమనించాలి.

చిక్కటి బురదలో ఇసుక మునగదు కదా, మరి గొట్టం అడుగున ఇసుక ఎందుకు పేరుకుంటుంది?

కొత్తగా చేరిన ఇంజినీర్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. 0.2 మిల్లీమీటర్ల ఇసుకరేణువును నిశ్చలమైన బురద మునగకుండా పట్టుకోవడానికి కావలసిన యీల్డ్ స్ట్రెస్ 0.13 పాస్కల్ మాత్రమే. 20 పాస్కల్‌ల బురదకు అది లెక్కలోది కాదు. గాజుపాత్రలో పోసి నెల తరువాత చూసినా ఇసుకరేణువు ఉన్నచోటే ఉంటుంది. ఆ పాత్రను చూసి ధైర్యం తెచ్చుకుంటారు.

గొట్టంలో బురద పొరలుగా పారుతున్నప్పుడు, గోడకు దగ్గరగా ఉన్న భాగం ఇప్పటికే యీల్డ్ అయి తెగి కదులుతూ ఉంటుంది. అక్కడ పేకమేడ ఉండదు. అందులోని ఇసుకరేణువుకు తనను పట్టుకునేది ఏమీ లేక, మామూలు చిక్కటి ద్రవంలో లాగే మెల్లగా మునుగుతుంది. సుడుల ప్రవాహమైతే దాన్ని మళ్లీ పైకి లేపుతుంది, పొరల ప్రవాహం లేపదు. కిలోమీటర్ల పొడవునా ఆ మెల్లని మునక కూడుకుని గొట్టం అడుగున కదలని మేట పడుతుంది. కలిపి ఆపితే తేలే రేణువు, పారుతుంటే మునుగుతుందన్న మాట. పెద్ద వ్యాసపు పరీక్షా గొట్టాల్లో దీన్ని పరిశీలించే కేంద్రం కెనడాలోనే సస్కటూన్ నగరంలో, సస్కాచివాన్ రీసెర్చ్ కౌన్సిల్ ఆధ్వర్యంలో ఉంది.

పాలిమర్ కలిపితే ఏమవుతుంది? ఎంత కలిపితే అంత మంచిదా?

గోదావరి వరదనీటిని తేర్చడానికి పటిక వేయడం, చిల్లగింజ అరగదీయడం మన ఇళ్లలో ఉన్న పద్ధతులే. ఇక్కడ వాడేది పాలీఅక్రిలమైడ్ అనే పొడవైన గొలుసు అణువు. టన్ను ఘనపదార్థానికి వందల గ్రాముల నుంచి ఒకటి రెండు కిలోల మోతాదులో, గొట్టంలోనే ఎక్కిస్తారు. ఒక గొలుసు అనేక మట్టిపలకలను పట్టుకుని గుత్తిగా కూరుస్తుంది.

ప్రవాహగుణం ఈ దశలో క్షణక్షణానికి మారుతుంది. పాలిమర్ కలిసిన కొద్ది క్షణాలకు బురద ఒక్కసారిగా బిగుసుకుని, యీల్డ్ స్ట్రెస్ మొదటి విలువకు అనేక రెట్లు పెరుగుతుంది. చూడటానికి జున్నులా ఉంటుంది. పని అయిపోయిందని అక్కడే ఆపేస్తే, నీరంతా ఆ జున్నులోనే ఉండిపోతుంది. ఇంకాస్త కలిపితే జున్ను చిన్నచిన్న గుత్తులుగా విడివడి, వాటి మధ్య దారులు తెరుచుకుని, నీరు తేటగా బయటికి వస్తుంది. నీరు బాగా వదిలే సమయం యీల్డ్ స్ట్రెస్ శిఖరం దగ్గర ఉండదు, ఆ శిఖరం దాటి కొంచెం దిగాక వస్తుంది. ఆ తరువాత కూడా కలిపితే గుత్తులు నలిగి, గొలుసులు తెగి, మళ్లీ పారే బురదే మిగులుతుంది. అదే పాలిమర్‌ను రెండోసారి వేసినా మొదటిసారి లాంటి ఫలితం రాదు.

కాబట్టి మోతాదు ఎంత ముఖ్యమో, పాలిమర్ ఎక్కించిన చోటునుంచి గొట్టం మూతి దాకా బురద ఎంత నలిగిందన్నదీ అంతే ముఖ్యం. బీకరులో అద్భుతంగా పనిచేసిన మోతాదు గని దగ్గర విఫలమైతే, నేను ముందు అడిగేది గొట్టం పొడవు, మలుపుల సంఖ్య.

మిగిలిపోయిన తారు ప్రవాహాన్ని మారుస్తుందా?

కొద్దిగా మారుస్తుంది. ఎమ్‌ఎఫ్‌టీలో బరువు ప్రకారం ఒకటి నుంచి మూడు శాతం తారు ఉండటం మామూలే. యీల్డ్ స్ట్రెస్ మీద దాని ప్రభావం మట్టి, లవణాల ప్రభావం ముందు చిన్నది. నీరు బయటికి వచ్చే సన్నని దారులను పూడ్చడంలోనూ, పరికరాల రేకులకు అంటుకుని కొలతలను పాడుచేయడంలోనూ అది ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

నేలమీద పోస్తే ఎంత దూరం పారి, ఎంత మందాన నిలుస్తుంది?

వాలు మీద నిలిచే పొర మందం, యీల్డ్ స్ట్రెస్‌ను సాంద్రతతోనూ, గురుత్వ త్వరణంతోనూ, వాలుతోనూ భాగిస్తే వస్తుంది. నూటికి ఒకటి వాలులో 20 పాస్కల్‌ల బురద 16, 17 సెంటీమీటర్ల మందాన ఆగుతుంది. పాలిమర్ వేసి 100 పాస్కల్‌లకు తెస్తే అది 80 సెంటీమీటర్లు దాటుతుంది. మందం ఎక్కువైతే స్థలం తక్కువ పడుతుంది గానీ ఎండ, గాలి పైపొరను దాటి పనిచేయవు. పలచని పొరలుగా పోసి ఎండబెట్టే పద్ధతికి విశాలమైన నేల, వేసవి రెండూ కావాలి. ఫోర్ట్ మెక్‌మర్రీలో వేసవి పొట్టిది.

అక్కడి చలి పనికి అడ్డమేనా?

పంపులకు అడ్డమే. నీటి స్నిగ్ధత సున్నా డిగ్రీల దగ్గర, 20 డిగ్రీల దగ్గర ఉన్నదానికి దాదాపు 1.8 రెట్లు. పాలిమర్ కరగడానికీ ఎక్కువ సమయం పడుతుంది. కానీ పలచని పొర గడ్డకట్టి కరిగితే అది మేలు చేస్తుంది. మంచు పలకలు పెరుగుతూ తమ మధ్యనున్న మట్టిని అన్నివైపులా నొక్కి చిన్న పెళ్లలుగా చేస్తాయి. వసంతంలో మంచు కరిగినప్పుడు ఆ పెళ్లలు తిరిగి పాత బురదగా మారవు, నీరు వాటి సందుల్లోంచి జారిపోతుంది.

నియమాలు ఏ బలాన్ని కోరాయి?

అల్బర్టా ఇంధన నియంత్రణ సంస్థ 2009లో తెచ్చిన 74వ నిర్దేశం, పోసిన టైలింగ్స్ ఏడాదిలోగా 5 కిలోపాస్కల్‌ల షియర్ బలం సాధించాలనీ, పోయడం ముగిసిన ఐదేళ్లకు 10 కిలోపాస్కల్‌లు చేరాలనీ చెప్పింది. గడువులను అందుకోవడం సాధ్యంకాక 2015లో దాన్ని నిలిపివేసి, చెరువుల మొత్తం పరిమాణాన్ని అదుపుచేసే కొత్త విధానం తెచ్చారు. దానికి అనుబంధంగా 2016లో 85వ నిర్దేశం వచ్చింది.

ఆ 5 కిలోపాస్కల్‌లు ఎంత దూరమో చూడాలి. 20 పాస్కల్‌ల నుంచి 5,000 పాస్కల్‌లకు వెళ్లడం అంటే 250 రెట్లు. భూసాంకేతిక లెక్కలో 30 శాతం బురద నీటిశాతం, నీటి బరువును మట్టి బరువుతో భాగిస్తే, 233. దాని లిక్విడ్ లిమిట్, అంటే మట్టి ద్రవంలా పారడం మానే హద్దు దగ్గరి నీటిశాతం, సుమారు 50 అనుకుంటే, ఆ స్థితిలో కూడా బలం 2 కిలోపాస్కల్‌ల లోపే, ఘనపదార్థం అప్పటికే 67 శాతం. నియమం కోరిన బలం ఇంకా అవతల ఉంది. 74వ నిర్దేశంలో నాకు నచ్చిన అంశం కొలవగలిగే సంఖ్య పెట్టడం. నచ్చనిది, నిలవ వల్ల వచ్చిన బలాన్నీ, నీరు పోవడం వల్ల వచ్చిన బలాన్నీ ఒకే గాటన కట్టడం.

బురద మీద నీరు నింపి సరస్సుగా మార్చడం సాధ్యమేనా?

ఆ ప్రయత్నం బేస్ మైన్ లేక్‌లో 2012 చివరి నుంచి సాగుతోంది. పాత గని గొయ్యిలో నింపిన బురద అడుగున, దానిమీద మీటర్ల లోతున నీరు. బురదకు నీటికంటే సాంద్రత ఎక్కువ, పైగా కొంత యీల్డ్ స్ట్రెస్ ఉంది కాబట్టి అలలు దాన్ని సులువుగా లేపలేవు. బురద లోపల సూక్ష్మజీవులు మిగిలిన హైడ్రోకార్బన్లను తిని మీథేన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. బుడగలు చాలినంత పెద్దవయ్యాక బురద పట్టును తెంచుకుని పైకి వస్తూ తమతోపాటు కొంత మట్టినీ, తారునూ తెస్తాయి. అదే సమయంలో కార్బన్ డయాక్సైడ్ ఖనిజాలను కరిగించి కాల్షియంను విడుదల చేయడం వల్ల బురద కుంగడం వేగవంతమవుతుంది. ఒకే జీవక్రియ బురదను ఒకవైపు కదుపుతూ మరోవైపు కుదుటపరుస్తోంది.

పైన పెచ్చు కట్టి గట్టిగా కనిపిస్తే దానిమీద నడవవచ్చా?

నడవకూడదు. మెత్తని మట్టి మోయగల ఒత్తిడి దాని షియర్ బలానికి సుమారు 5.1 రెట్లు. 80 కిలోల మనిషి అడుగేస్తూ ఒంటికాలి మీద ఉన్న క్షణంలో, పాదం వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, నేలపై పడే ఒత్తిడి 39 కిలోపాస్కల్‌లు. 5 కిలోపాస్కల్‌ల బలమున్న నేల 26 కంటే మోయలేదు కాబట్టి నియమంలోని మొదటి మెట్టు దాటిన నేల కూడా ఒక మనిషి అడుగును ఆపదు. 10 కిలోపాస్కల్‌లైతే 51 వరకు మోస్తుంది. పెచ్చు కింద 20 పాస్కల్‌ల బురదే ఉంటే అది మోయగలిగేది 0.1 కిలోపాస్కల్. పెచ్చు విరిగి మనిషి కదిలిన ప్రతిసారీ చుట్టూ ఉన్న బురద ఇంకా పలచబడుతుంది. అందుకే అక్కడ నమూనాలు తీయడానికి పడవల మీదా, పెచ్చును దున్నడానికి మరమేకు చుట్టలున్న డోలు చక్రాలతో తేలుతూ నడిచే యంత్రాల మీదా వెళ్తారు, కాలినడకన ఎవరినీ పంపరు.